చేతిపనియు సొంతదుకాణమును

సంపాదించు స్త్రీలనుగూర్చి మాటలాడునపుడు ఈ దినములలో మూడు ఇంగ్లీషు మాటలు మన యిండ్లలోనికి వచ్చి పీటలు వేసికొని కూర్చున్నవి. ఒకటి ఫ్రీలాన్సింగ్, రెండవది ఆంత్రప్రెన్యూర్, మూడవది గిగ్. పెండ్లిచూపులలో సయితము ఇవి వినవచ్చుచున్నవి. “అమ్మాయి యేమి చేయుచున్నది?” అని యడిగినచో “ఫ్రీలాన్సింగ్” అని బదులు వచ్చును. అది ఉద్యోగమో, నిరుద్యోగమో తేల్చుకొనలేక పెండ్లికొడుకు తల్లి తల యూచి యూరకుండును. మా యింట ఈ సంవత్సరము ఈ మాటలు వట్టి మాటలుగా నుండక, మా తోడికోడలి నాలుగు బంగారుగాజులు బ్యాంకునకు పోవలెనా, చేతికే యుండవలెనా యను సంగతిని తేల్చవలసిన మాటలైనవి. అందుచేత మేము వీనిని చేటలో పోసి చెఱిగి చూడవలసివచ్చెను. ఆ చెఱిగినదానిని సోదరీమణులముందు పెట్టుచున్నాము.

మొదట ఆ మాటల పుట్టువు చెప్పెదము. ఇంగ్లండులో వాల్టర్ స్కాట్ అను నవలాకర్త 1819 సంవత్సరాంతమున వెలువరించిన ‘ఐవన్హో’లో, ఏ రాజునకును శాశ్వతముగా కట్టుబడక, కూలి యిచ్చినవాని పక్షమున యుద్ధము చేయు భటులకు ఈ ఫ్రీలాన్సు అను పేరు కనబడును. లాన్సు అనగా బల్లెము. బల్లెము భటునిది, యుద్ధము పరులది. గిగ్ అనునది పాటగాండ్ర మాట. ఒక రాత్రి కచేరికి కుదుర్చుకొన్న బేరమును వారట్లందురు. తెల్లవాఱినతోడనే బేరము చెల్లు. ఆంత్రప్రెన్యూర్ అనునది ఫ్రెంచివారిది. దానిని ఆర్థికశాస్త్రములో నిలిపినవారిలో కాంటిల్లాన్ అను నాయన ముఖ్యుడు. ఆయన గ్రంథము 1755లో అచ్చయ్యెను. తెలిసిన ధరకు కొని తెలియని ధరకు అమ్మువాడు ఆంత్రప్రెన్యూరని యాయన తాత్పర్యము. రేపటి బజారు ఎట్లుండునో యెఱుగకయే నేడు చేతిసొమ్ము పెట్టువాడన్నమాట. చిత్రమేమనగా, ఆయన పెట్టుబడి లేని నీళ్లుమోయువారిని, పొగగొట్టములు తుడుచువారిని కూడ ఆ పంక్తిలోనే కూర్చుండబెట్టెను. వారి రాబడియు అనిశ్చితమే గదా యని. కావున ఈ రెంటి నడుమ గోడ కట్టుట మొదటినుండియు సులభముగా లేదు.

మన వీధిభాషలో చెప్పుకొనిన తేలికగా బోధపడును. ఇంటి వసారాలో తన మిషను పెట్టుకొని వీధివారి జాకెట్లు కుట్టి, జాకెట్టుకింత యని పుచ్చుకొనునామె ఫ్రీలాన్సరు. ఆమె చేయి ఆగిన రాబడి ఆగును. అదే యామె బజారులో కొట్టు అద్దెకు పుచ్చుకొని, నాలుగు మిషనులు వేసి, నలుగు రాడపిల్లలకు జీతములిచ్చి, తాను కొలతలు చూచుకొనుచు కత్తెర పట్టినచో ఆంత్రప్రెన్యూరు. ఆమె జ్వరపడినను మిషనులు తిరుగును. మిషనులు తిరుగకున్నను అద్దె మాత్రము తిరుగును. మొదటిది చేతిని అమ్ముట. రెండవది, తన చేయి లేకున్నను నడచునట్టి యొకదానిని కట్టుట. జనులు రెండవది పైమెట్టు, మొదటిది క్రిందిమెట్టు అని తలంచుచున్నారు. క్రింద నున్నవారందఱును పైకెక్కుటయే యభివృద్ధి యని సభలలో చెప్పుచున్నారు. అది మాకు సమ్మతము కాదు.

మా తాతగారు చిన్ననాట మాచేత అమరము వల్లె వేయించిరి. అందు సైరంధ్రి యను మాటకు చెప్పిన యర్థము ఇన్నాళ్లకు మాకు అక్కఱకు వచ్చినది. పరుల యింట నుండునది, ఐనను తన వశమున తా నుండునది, శిల్పము చేయునది సైరంధ్రి. విరాటపర్వమున ద్రౌపది పట్టిన వేషమిదియే. సుదేష్ణయొద్ద కుదురుకొనునపుడు ఆమె తల దువ్వుట, పూలు కట్టుట, గంధము తీయుట తనకు వచ్చునని చెప్పెను. ఎంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు కూడ ముందుగానే చెప్పెను. ఏ పని చేయుదును, ఏ పని చేయను అను రెండు పట్టికలు గుమ్మము దాటకమునుపే ఆమెయొద్ద నుండెను. స్వవశ యనగా నిదియే. అయినను ఆ కథలోనే, రాణి పంపగా కీచకుని యింటికి మద్యము తెచ్చుటకు పోవలసివచ్చినది. కాదనుటకు వీలులేని యాజ్ఞ వచ్చిన క్షణముననే ఆ స్వవశత్వము సన్నగిల్లెను. పరుల యిండ్లకు పోయి పని చేయు స్త్రీకి కాదను హక్కు ఎంత యవసరమో ఇంతకంటె బాగుగా చెప్పిన కథ మేము చదువలేదు.

ఇక మా తోడికోడలి సంగతి. ఆమె హైదరాబాదులో నున్నది. బ్యూటీషియన్ పని నేర్చినది, మంచి చేయి. సైరంధ్రివి నీవే యని మేమొకసారి హాస్యమాడగా, “అయిదుగురు మగలు మాత్రము వద్దక్కా, ఒక్కరికే వండలేకున్నాను” అనెను. మా మరిది యొక ప్రైవేటు సంస్థలో చిన్న యుద్యోగి. నాలుగేండ్లుగా ఆమె, ఇంటింటికి పనివారిని పంపు నొక యాప్ సంస్థద్వారా పని చేయుచున్నది. సంస్థవారు ఆమెను ఉద్యోగిని యనరు. పార్ట్‌నర్ అందురు, అనగా భాగస్వామిని. ఆ మాట విని మేము మొదట సంతోషించితిమి. తరువాత ఆమె లెక్క విని, భాగ మెవరిది, స్వామిత్వ మెవరిది యని యడుగవలసివచ్చినది.

రెండిండ్లు తిరిగిన దినమున ఇల్లాండ్రు చెల్లించునది 2,400 రూపాయలు. అందు సంస్థవారి వంతు 600. పూతలు, మైనము మొదలగు సామగ్రిని సంస్థవారియొద్దనే కొనవలెను, దానికి 350. స్కూటరు పెట్రోలు మొదలగు పైఖర్చులు 150. మిగులునది 1,300. నెలకు ఇరువది దినములు పని దొఱకిన 26,000. స్కూటరు వాయిదా 3,500 పోగా 22,500. ఇది తక్కువ సొమ్మని మేమనము. మావారు ఉపాధ్యాయులుగా చేరిననాడు ఇంటికి తెచ్చినది ఇందులో సగమైనను లేదు.

ఆక్షేపణ సొమ్మునుగూర్చి కాదు. ధర నామె నిర్ణయించదు. పండుగకు సంస్థవారు తగ్గింపు ప్రకటించినచో ఆ తగ్గింపులో ఈమె వంతును తగ్గును. వచ్చిన పనిని కొన్నిమార్లు వలదన్నచో తరువాత పనులు వచ్చుటయే తగ్గును. పని చేయించుకొన్నవారు సెల్‌ఫోనులో నొక్కు నక్షత్రములు తగ్గినచో తాఖీదు వచ్చును. అన్నిటికంటె ముఖ్యము, ఇల్లాలి ఫోను నంబరు ఈమెకు తెలియనీయరు. నాలుగేండ్లలో వేయికి పైగా గుమ్మములు త్రొక్కిన మనిషి, ఆ వేయింటిలో ఒక్క యింటికైనను “వచ్చే వారము రమ్మందురా?” అని తానై కబురు పంపలేదు.

మన యూళ్లలో పాలు పోయునామెకు వాడుకలుండును. ఆ యింటికి లీటరు, ఈ యింటికి అరలీటరు. ఆ యింటి పసిబిడ్డకు ఆవుపాలు, ఈ యింటి అత్తగారికి చిక్కని గేదెపాలు. ఆ వాడుకలే యామె ఆస్తి. గేదె చచ్చినను వాడుకలుండినచో అప్పో సప్పో చేసి మఱియొక గేదెను తెచ్చుకొనగలదు. వాడుకలు లేని గేదె గడ్డి తినును, అంతే. యాప్ పనిలో చేతిపని మనిషికి మిగులును, వాడుకలు సంస్థకు మిగులును. ఇది ఫ్రీలాన్సింగ్ కాదు. వ్యాపారము అసలే కాదు. ఈ మూడవజాతికే గిగ్ అను పేరు చక్కగా నతుకును.

గత శ్రావణమాసమున మా తోడికోడలి కుమారునకు జ్వరము వచ్చెను. అయిదు దినములలో నాలుగు పనులను వలదనెను. ఆఱవ దినమున ఆమె ఐడీని మూసిరి. ఎవరితోనైన చెప్పుకొందమన్న మాటలాడుటకు మనిషి లేడు. మీ విన్నపము పరిశీలనలో నున్నదని యంత్రము వ్రాయుచుండెను. పదునొకండు దినములు, అందును వ్రతముల, పెండ్లిండ్ల దినములు, ఊరకే పోయినవి. మరల తెఱచిరిగాని, ఆమె మనసు విఱిగినది. “అక్కా, ఇక ఒకరిక్రింద నుండను. గాజులు బ్యాంకులో పెట్టి సొంత పార్లరు తెఱచెదను” అని మాకు ఫోను చేసెను. ఆ గాజులు మా అత్తగారు పెట్టినవి. ఆమెకు మేము అవుననవలెనా, కాదనవలెనా యని వారము దినములు మాకు నిద్ర సరిగా లేదు.

ఈ యాప్ పని క్రొత్తయుగపు వింత యని పలువురు వ్రాయుచున్నారు. యంత్రము క్రొత్తది, పద్ధతి ప్రాతది. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని ప్రకరణము కలదు. మైసూరులో శామశాస్త్రిగారు తాళపత్రములనుండి ఆ గ్రంథమును పరిష్కరించి 1909లో అచ్చువేయించిరి. విధవలకు, భర్త దేశాంతరమున నున్నవారికి, గడప దాటి రాని స్త్రీలకు దాసీలద్వారా నూలుపని పంపవలెనని యందున్నది. సన్ననూలా, లావుదా, నడిమిదా యని చూచి కూలి యీయవలెను. పండుగదినములలో పని చేయించిన అదనముగా బహుమానములీయవలెను. తెల్లవాఱుజామున తామే నూలుశాలకు వచ్చు స్త్రీలయెడ, నూలు పరీక్షించుటకు మాత్రమే దీపముండవలెను. అధికారి యామె మొగము చూచినను, వేఱు ప్రసంగము చేసినను దండుగ. కూలి ఆలస్యమైనను దండుగయే. కూలి పుచ్చుకొని పని చేయని స్త్రీకి మాత్రము బొటనవ్రేలికి క్రూరశిక్ష విధించెను. బొటనవ్రేలు లేనిదే వడుకుట యెట్లు? ఐడీ మూసిరని వినగానే మాకు ఆ బొటనవ్రేలే తలపునకు వచ్చెను. అయితే కౌటిల్యుడు అధికారికి కూడ దండుగ వ్రాసెను గదా. యంత్రమునకు దండుగ వ్రాయువా రెవరు?

అంత ప్రాతకాలమునకు పోనక్కఱలేదు. మా పుట్టినిల్లు నరసాపురమునకు దగ్గఱి పల్లె. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు క్రోషే సూదితో లేసు అల్లుట నేర్పిరి. అది క్రమముగా సముద్రములు దాటి అమ్ముడుపోవు సరకయ్యెను. నూలు వ్యాపారిది. దళారి దానిని ఇంటింటికి తెచ్చును. ఒకరు పువ్వులల్లుదురు, మఱొకరు అతుకుపని చేయుదురు. పూర్తియైన బల్లగుడ్డ ఎవరి బల్లమీదికి పోవునో, అచ్చట దాని వెల యెంతయో అల్లినామె యెఱుగదు. జర్మనీదేశపు పండితురాలు మరియా మీస్ వీరినిగూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము వెలువరించెను. దినమునకు ఆఱేసి, ఎనిమిదేసి గంటలు సూది విడువని ఈ స్త్రీలను లోకము పనివారినిగా నెంచక, తీరికవేళ అల్లుకొను గృహిణులుగా నెంచుచున్నదనియు, కూలి తక్కువగుటకు ఆ యెన్నికయే మూలమనియు ఆమె చూపెను. ఆ గ్రంథమునుగూర్చి వినకమునుపే మేమా మాటను విన్నాము. చిన్ననాట మా యెదుటి యరుగుమీద అల్లుచుండిన పెద్దమ్మలను, ఏమి చేయుచున్నారని యడిగిన, “ఏమున్నదమ్మా, ఊరకే కూర్చుండి అల్లుకొనుచున్నాము” అనెడివారు. ఊరకే! కన్నులు పోవునంతగా అల్లి, ఊరకే యనెడివారు.

2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, వచ్చినది. పేరునకు రక్షణ వచ్చినందులకు మేమును సంతోషించితిమి. ధర చెప్పు నోరు మాఱిననాడు మఱింత సంతోషింతుము. నాటి దళారి స్థానమున నేడు యాప్ కూర్చున్నది. దళారి కనీసము అరుగుమీద కూర్చుండి మజ్జిగ త్రాగెడివాడు. కూలి చాలలేదని యతని మొగముమీద ననవచ్చును.

ప్రభుత్వము ఈ జనసంఖ్యను చూడకపోలేదు. 2020–21లో దేశమున గిగ్ పనివారు 77 లక్షలనియు, 2029–30 నాటికి 2.35 కోట్లగుదురనియు నీతి ఆయోగు 2022లో అంచనా వేసినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. దానినిబట్టి ఇట్టి సంస్థలు తమ సాలీనా రాబడిలో నూటికి ఒకటి మొదలు రెండు వంతులు పనివారి సంక్షేమనిధికి చెల్లింపవలెను. అది పనివారికి చెల్లించు సొమ్ములో నూటికి అయిదు మించనక్కఱలేదు. రాజస్థానము 2023లో, కర్ణాటకము 2025లో ప్రత్యేక శాసనములు చేసినవి. కారణము చెప్పక, ముందుగా తెలుపక పనివానిని తొలగింపరాదని కర్ణాటక శాసనము. ఇవియు అడిగినవారుండుటచేతనే వచ్చినవి. 2021 అక్టోబరులో ఢిల్లీ ప్రక్కనున్న గురుగ్రాములో మా తోడికోడలివంటి స్త్రీలే తమ సంస్థ కార్యాలయము ముంగిట కూర్చుండి, మీ వంతు తగ్గింపుడని యడిగిరి. సంస్థవారు కొంత దిగివచ్చిరి. డిసెంబరులో మరల కూర్చున్నపుడు మాత్రము వారిపై దావా వేసిరి. భాగస్వామినులపై దావా!

మావారు లెక్కల మాస్టారు. మా తోడికోడలు గాజుల సంగతి యెత్తగానే ప్రాత క్యాలెండరు కాగితము వెనుక పార్లరు లెక్క వ్రాసిరి. కొట్టు అద్దె నెలకు 12,000. ఆఱు నెలల అడ్వాన్సు 72,000. కుర్చీలు, అద్దములు, ఏసీ కలిపి 1,50,000. ఇద్దఱు పిల్లలకు జీతములు 24,000, కరెంటు 4,000. అనగా తలుపు తీసినందులకే నెలకు 40,000. ఇప్పటివలె తనకు 22,500 మిగులవలెనన్న 62,500 రావలెను; సామగ్రికి 12,500 చేర్చిన 75,000. మనిషికి సగటున 600 చొప్పున నెలకు 125 మంది. ఇరువదియైదు దినములు తెఱచిన దినమున కయిదుగురు. “అయిదుగురేనా బావగారూ!” అని ఫోనులో ఆమె యుత్సాహపడెను. మావారు కండ్లద్దములు తీసి తుడుచుకొనుచు, “మొదటి నెలలో అయిదుగురు, ముసురులో అయిదుగురు, ఆషాఢములో అయిదుగు రమ్మా. బంగారముపై వడ్డీ నేనింకను వేయలేదు” అనిరి. గాజులకు బదులు ముద్రా ఋణము పుచ్చుకొనవచ్చును. 2015లో వచ్చిన ఆ పథకమున శిశు తరగతికి 50,000 వఱకు, కిశోర తరగతికి 5 లక్షల వఱకు పూచీ లేకయే ఇత్తురు. పూచీ లేకున్నను వాయిదా యున్నది.

మేమా కాగితమును చూచి చూచి యొక్కమాట గ్రహించితిమి. ఆ లెక్కలో కుర్చీకి స్థానమున్నది, అద్దమునకున్నది, అయిదుగురు ఎచ్చటనుండి వత్తురో దానికి లేదు. వేయి గుమ్మములు త్రొక్కియు ఆమెకు స్వంత వాడుక యొక్కటియు లేదు. వాడుకలు లేక దుకాణము తెఱచుట, గేదెను కట్టివేసి పాలవారి వీధిలో కూర్చుండుట. యాప్ క్రింద నుండలేక ఆమె దూకదలచినది ఆంత్రప్రెన్యూరు పదవికి. నడుమ త్రొక్కవలసిన మెట్టొకటి, నిజమైన ఫ్రీలాన్సరుగా నుండుట, ఆమె యెన్నడును త్రొక్కలేదు. నాలుగేండ్లుగా త్రొక్కుచున్నాననుకొనుచున్నది.

ఆ మెట్టు చూచునంత సులభము కాదు. మా సంగతియే చెప్పెదము. మూడేండ్లుగా మేము అమెరికాలోని తెలుగుపిల్లలకు కంప్యూటరులో పద్యములు చెప్పుచున్నాము. మనకు శని, ఆదివారముల యుదయము. వారికి ముందటి దినపు సాయంకాలము. మొదటి సంవత్సరము ఒక సంస్థద్వారా చెప్పితిమి. మాకు గంటకు 300 రూపాయలు. తల్లిదండ్రులు డాలర్లలో నేమి చెల్లించుచున్నారో వారితో ప్రసంగింపరాదని యొప్పందము. ఒక చిన్నది గజేంద్రమోక్షములోని పద్యములు పది కంఠస్థము చేసి తప్పులేక యప్పగింపగా, దాని తల్లి కన్నులు తుడుచుకొని మా ఫోను నంబరడిగెను. ఒప్పందము ప్రకారము ఈయలేదు. గడువు తీఱిన పిదప మాత్రము మరల సంతకము చేయలేదు.

తరువాత డల్లాసులోనున్న మా పినతల్లి కుమార్తె తన యిద్దఱు పిల్లలను, పొరుగింటి యిద్దఱను పంపెను. నేడు తొమ్మండుగురున్నారు. రుసుము మేమే చెప్పవలసివచ్చిననాడు మాకు నోరు పెగలలేదు. తాతగారు ఊరక చెప్పిన పద్యమునకు వెల కట్టుటయా? “మీకు తోచిన దీయుడు” అను మాట నాలుకమీదికి వచ్చి నిలిచెను. సోదరీమణులారా, ఈ మాటను మనలో అననివారెవరు? జాకెట్టు కుట్టి, ఆవకాయ పెట్టి, పెండ్లికి ముగ్గులు వేసి, పిల్లలకు సంగీతము చెప్పి, ‘మీకు తోచినది’. వినుటకు వినయముగా నుండును. అరుగుమీది పెద్దమ్మల ‘ఊరకే’కు ఇది కూతురు. మావారు మా తటపటాయింపు చూచి, “నేను బడిలో చెప్పు గుణకారములు మాత్రము మా తాతగారివి కావా? నెల మొదట నాకు తోచినది ఇండని ప్రభుత్వముతో ననుచున్నానా?” అనిరి. గంటకు 700 అని చెప్పితిమి. అవతల నెవరును ఉలికిపడలేదు. ఎక్కువ చెప్పితిమేమో యని మూడు దినములు మేమే యులికిపడితిమి.

ఇట్లు ధర చెప్పుట, కాదనుట, వాడుకలను తన పుస్తకములో వ్రాసికొనుట అలవడిన పిమ్మటనే దుకాణపు మాట. అదియు అందఱకును అక్కఱలేదు. మంచి చేతిపనివారు వ్యాపారులైన వెంటనే చేతిపని వారి చేతినుండి పోవును. కొట్టు యజమానురాలు పగలంతయు అద్దెవానితో, కరెంటువానితో, రాని పనిపిల్లతో మాటలాడుచుండును. కుట్టు ప్రాణమైనవారికి అది శిక్షయే. బేరము ప్రాణమైనవారికి, నలుగురిని కూడగట్టుకొని నడిపించు నేర్పరులకు అదియే సంతోషము. ఏది యెవరి స్వభావమో చూచుకొనవలెనుగాని ఒకటి గొప్ప, ఒకటి తక్కువ యనుటకు మాకు ఆధారము కనబడలేదు.

మా తోడికోడలికి ఇంతయు నొక జాబుగా వ్రాసితిమి. ఫోనులో చెప్పిన కోపము వచ్చునని. కోపము వచ్చినది. పది దినములు మాటలాడలేదు. తరువాత తానే ఆలోచించుకొని, తన స్నేహితురాలి పార్లరులో వారమునకు రెండు దినములు ఒక కుర్చీని అద్దెకు పుచ్చుకొనెను. తక్కిన దినములు ఇంకను యాప్ పనికే పోవుచున్నది. సంస్థవారి యిండ్లను తనవైపు త్రిప్పుకొనుట లేదు. తన యపార్టుమెంటువారిని, కుమారుని బడిలోని తల్లులను, కొత్తగా తానే సంపాదించుకొన్న వారిని ఒక పుస్తకములో వ్రాసికొనుచున్నది. పేరు, ఏ పూత పడదు, మరల నెప్పుడు రావలెను. సంక్రాంతికి వచ్చినపుడు ఆ పుస్తకము చూపెను. ముప్పదినాలుగు పేర్లున్నవి. నూటయిరువదియైదు నిండిననాడు గాజుల మాట మరల నెత్తుదమని మావారనిరి. గాజులు చేతికే యున్నవి.

ఇప్పుడు చిక్కు మాకు వచ్చినది. పిల్లలు ఇంకను వత్తుమనుచున్నారు. మాకు గంటలు లేవు. మా వీధిలో తెలుగు చక్కగా వచ్చిన స్త్రీలు ముగ్గురున్నారు. వారిని చేర్చుకొని చిన్న పాఠశాల యొకటి పెట్టుమని మావారి ప్రోత్సాహము. దానికి పేరు కూడ ఆలోచించుచున్నారు. అది యిక చేతిపని కాదు, వ్యాపారమే. తల్లిదండ్రులు 700 ఇచ్చిన, చెప్పినామెకు మేమెంత యీయవలెను? 400 ఇచ్చి 300 ఉంచుకొనినచో, గతించిన సంవత్సరపు సంస్థకును మాకును భేదమేమి? ఏమియు నుంచుకొనకుండుటయు న్యాయము కాదు. పిల్లలను వెదకుట, వేళలు కుదుర్చుట, రుసుము వసూలు, ఎవరును రాని గంటల నష్టము, వీనికిని వెల కలదు. ఆ వెల యెంతయో నిర్ణయించు చేయి ఒక్కరిదే యైనపుడు అది పెరుగుచునే పోవును. 1959లో బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడమీద అప్పడములు వత్తిరి; అదే లిజ్జత్ అప్పడముల సంస్థ. అందు అప్పడము వత్తునామెయే భాగస్వామిని, లాభమునకును నష్టమునకును. ఆ మాట అచ్చట నిజార్థమున వాడబడినది. మా నలుగురికి అంత పెద్ద యేర్పాటు అక్కఱలేదు గాని, లెక్కపుస్తకము నలుగురును చూడవలెననియు, నడుపు ఖర్చునకు ఎంత తీయవలెనో నలుగురును కూర్చుండి నిర్ణయింపవలెననియు మేము పట్టుబట్టితిమి. మావారు, “వ్యాపారమిట్లు జరుగునా?” అని సందేహించిరి. జరుగునో లేదో వేసవిలోగా తెలియును.

దానికి ముందుగా ముగ్గురికిని తలకొక కాగితమిచ్చి, గంటకు మీకేమి కావలెనో మీరే వ్రాసియిండని యడిగితిమి. ఇద్దఱు అంకెలు వ్రాసిరి. ఒకరు 450, ఒకరు 500. మూడవ యామె, ముగ్గురిలోను భాగవతము బాగుగా వచ్చినామె, ‘మీకు తోచినది’ అని వ్రాసి పంపెను. ఆ కాగితమును ఆమెకే తిరిగి పంపితిమి.